యాంజియో రిపోర్టులో శాతం తర్వాత చూడాల్సినవి: ఏ గుండెనొప్పి వెనక ఎలాంటి పూడిక ఉంటుంది

నేను గుంటూరు కొత్తపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో క్యాథ్ ల్యాబ్ (యాంజియోలు తీసి, స్టెంట్లు వేసే గది) టెక్నీషియన్‌ని. యాంజియోగ్రామ్ అయిపోయి పేషెంటును బయటికి తీసుకురాగానే గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లు అడిగే మొదటి మాట ఒక్కటే: "ఎన్ని బ్లాకులు? ఎంత పర్సెంట్?" డాక్టరు గారు కూర్చోబెట్టి ఎంత వివరంగా చెప్పినా చెవికెక్కేది ఆ అంకే. సాయంత్రానికి చుట్టాలందరి ఫోన్లకూ అదే వెళ్తుంది. తొంభై అంటే ఏడుపులు, నలభై అంటే "హమ్మయ్య, ఏమీ లేదంట".

టేబుల్ పక్కన నిలబడి చూసినవాడిగా చెబుతున్నాను. 90 శాతం ఉండి మందులతో పొలం పనులు చూసుకుంటున్నవాళ్లు ఉన్నారు. 40 శాతం ఉన్న చోటే పగిలి అర్ధరాత్రి అంబులెన్సులో వచ్చినవాళ్లూ ఉన్నారు. పూడిక ఎంత ఉందన్నది ఎంత ముఖ్యమో, అది ఎలాంటి పూడికన్నదీ అంతే ముఖ్యం. ఆ రెండో సంగతి రిపోర్టులోనే ఉంటుంది, కానీ ఎవరూ చదవరు. ఎలా చదవాలో రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, మందు మార్చమనో స్టెంట్ వద్దనో చెప్పను. డాక్టరు గారి ముందు కూర్చున్న ఆ పది నిమిషాల్లో సరైన ప్రశ్న అడగడానికి ఇది పనికొస్తుంది.

రిపోర్టు తెరిచే ముందు నొప్పి సంగతి రాయండి

ఒక కాగితం తీసుకుని పేషెంటు చేతే చెప్పించుకుని రాయండి. పక్కవాళ్లు చెప్పకూడదు. మా దగ్గర భార్య ఒకటి చెబుతుంది, కొడుకు ఇంకొకటి చెబుతాడు, మంచం మీద ఉన్న మనిషి మాత్రం కిటికీలోంచి చూస్తుంటాడు.

నొప్పి అనే మాట వాడితే చాలామంది "నొప్పేం లేదండీ" అనేస్తారు. "ఛాతీ మీద బరువు పెట్టినట్టుందా, పట్టేసినట్టుందా, మంటా, ఆయాసమా, దవడకో ఎడమ చేతికో లాగుతోందా" అని అడగండి. షుగరు పాతబడ్డవాళ్లకు అసలు నొప్పే తెలియకపోవచ్చు, ఆయాసం ఒక్కటే ఉంటుంది.

తర్వాత అడగాల్సినవి: ఏ పని చేస్తే వస్తోంది, ఎంతసేపు ఉంటోంది, ఆగితే తగ్గుతోందా, ఏ వేళ వస్తోంది, ఈమధ్య మారిందా. ఇందులో చివరిదే నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది. మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే మనిషి "ఏడాదిగా మూడో టిక్కీ దగ్గర పట్టేస్తుంది, రెండు నిమిషాలు కూర్చుంటే పోతుంది" అంటే అది ఒక రకం. అదే మనిషి "పోయిన వారం నుంచి ఖాళీ చేతులతో నడిచినా వస్తోంది, నిన్న రాత్రి పడుకున్నాక కూడా వచ్చింది" అంటే అది పూర్తిగా వేరే రకం. రెండు సందర్భాల్లోనూ యాంజియోలో 80 శాతం అనే రాసి ఉండొచ్చు.

డాక్టర్లు మొదటిదాన్ని స్టేబుల్ యాంజైనా అంటారు. ఒకే స్థాయి శ్రమకు వస్తుంది, కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది. రెండోది అన్‌స్టేబుల్ యాంజైనా: గత రెండు నెలల్లో కొత్తగా మొదలై తక్కువ శ్రమకే వస్తున్నది, ఉన్న నొప్పే రోజురోజుకూ ముదురుతున్నది, విశ్రాంతిలో ఉండగా వచ్చి ఇరవై నిమిషాలు దాటినది. మూడోది నాళం ముడుచుకుపోవడం వల్ల వచ్చేది, ఎక్కువగా తెల్లవారుజామున. నాలుగోది కంటికి కనపడని సన్న నాళాల వల్ల వచ్చేది. ఒక్కోదాని వెనక నాళం గోడలో ఉండే సరుకు వేరు.

రిపోర్టు భాషలో భయపడనక్కర్లేని మాటలు

ముందు ఇవి తీసేస్తే సగం టెన్షన్ పోతుంది. "టైప్ 3 ఎల్ఏడీ" అని ఉంటే జబ్బు మూడో దశలో ఉందని కాదు. ముందు వైపు దిగే పెద్ద నాళం గుండె కొన దాటి వెనక్కి చుట్టుకుందని, అంత పొడవుందని అర్థం, అంతే. "రైట్ డామినెంట్" అంటే గుండె అడుగు భాగానికి రక్తం ఇచ్చే కొమ్మ కుడి నాళం నుంచి వచ్చిందని. ఎక్కువ మందికి అలాగే ఉంటుంది.

"ఎస్‌వీడీ, డీవీడీ, టీవీడీ" అంటే జబ్బు ఒక నాళంలో, రెండిట్లో, మూడిట్లో ఉందని. తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన "అబ్బాయ్, సీడీ ఇచ్చారు గానీ డీవీడీ ఇవ్వలేదు, కాగితంలో ఉందని రాశారుగా" అని కౌంటర్ దగ్గర గట్టిగా అడిగాడు. నవ్వు ఆపుకోవడం కష్టమైంది గానీ తప్పు ఆయనది కాదు, అలా పొట్టి అక్షరాలతో రాసిచ్చే మాది.

నాళాల పేర్లు నాలుగు గుర్తుంటే చాలు. ఎల్ఎమ్ అంటే ఎడమ వైపు మొదలు నాళం, ఎల్ఏడీ ముందు వైపుది, ఎల్‌సీఎక్స్ పక్కకు తిరిగేది, ఆర్‌సీఏ కుడిది. మిగతావి వీటి కొమ్మలు. ప్రాక్సిమల్ అంటే మొదట్లో, మిడ్ అంటే మధ్యలో, డిస్టల్ అంటే చివర్లో. ఒకే శాతం చివర్లో ఉన్నప్పటికన్నా మొదట్లో ఉంటే ఎక్కువ కండరం దాని మీద ఆధారపడి ఉంటుంది. ఎల్ఎమ్‌లో 50 దాటితే చాలు తీవ్రంగా తీసుకుంటారు, మిగతా చోట్ల సాధారణంగా 70.

ఆ శాతం దేన్ని కొలుస్తుంది

యాంజియోలో మేము నాళంలోకి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రేతో వీడియో తీస్తాం. తెర మీద కనపడేది ఆ మందు పారే దారి మాత్రమే. గోడ కనపడదు. పక్కన బాగున్న చోట వెడల్పుతో పోల్చి, ఇరుకైన చోట ఎంత తగ్గిందో చూసి శాతం వేస్తారు. చాలాసార్లు అది కంటి అంచనా. ఒకే సీడీ చూసి ఒక డాక్టరు 70 అని, ఇంకొకరు 80 అని రాస్తే ఎవరూ మోసం చేసినట్టు కాదు. మనవాళ్లు ఈ పది శాతం తేడా పట్టుకుని విజయవాడ సూర్యారావుపేటలో ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి తిరుగుతారు. ఆ తిరిగే ఓపిక కింద చెప్పే ప్రశ్నల మీద పెడితే లాభం.

శాతం వెడల్పులో లెక్క. గుండ్రటి దారి వెడల్పు సగం తగ్గితే రక్తం పారే వైశాల్యం నాలుగో వంతే మిగులుతుంది. అయినా 50 శాతం వరకు మనిషికి ఏమీ తెలియదు, ఎందుకంటే కింద ఉన్న సన్న నాళాలు విచ్చుకుని సర్దుకుంటాయి.

ఇంకో సంగతి కొంచెం నిదానంగా చదవండి. పూడిక మొదలైన కొత్తల్లో నాళం తన గోడను బయటికి సాగదీసుకుని లోపలి దారిని కాపాడుకుంటుంది. 1987లో గ్లాగోవ్ అనే పాథాలజిస్టు బృందం చనిపోయినవాళ్ల గుండెల్లో ఎల్ఎమ్ నాళాలను కోసి కొలిచి, నాళం మొత్తం వైశాల్యంలో దాదాపు 40 శాతాన్ని పూడిక ఆక్రమించేదాకా లోపలి దారి తగ్గడం లేదని చూపించింది. కాబట్టి యాంజియోలో "మైనర్ ప్లాకింగ్" అనో "ఇర్రెగ్యులారిటీస్" అనో ఉన్న చోట గోడలో బోలెడు కొవ్వు ఉండొచ్చు. "ఏమీ లేదంట" అని మందులు మానేసేవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవాలి.

ఇరుకు నిజంగా రక్తాన్ని ఆపుతోందా అన్నది తేల్చడానికి ఎఫ్ఎఫ్ఆర్ అనే పరీక్ష ఉంది. సన్నటి తీగ ఇరుకు దాటించి అటూ ఇటూ ఒత్తిడి పోలుస్తాం. ఇరుకు అవతలి ఒత్తిడి ఇవతలి దానిలో 0.80 వంతు లేదా అంతకన్నా తక్కువైతే ఆ ఇరుకు లెక్కలోకి వస్తుంది. ఫేమ్ అనే అధ్యయనంలో కంటికి 50 నుంచి 70 శాతంగా కనపడ్డ ఇరుకుల్లో దాదాపు మూడో వంతే నిజంగా రక్తాన్ని ఆపుతున్నాయి. 71 నుంచి 90 దాకా ఉన్నవాటిలో కూడా ఐదోవంతు ఆపడం లేదు. మధ్యరకం శాతం ఉండి, నొప్పి స్థిరంగా ఉంటే డాక్టరు గారిని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: "ఎఫ్ఎఫ్ఆర్ చూశారా? చూస్తే ఎంత?"

స్థిరమైన నొప్పి వెనక ఉండే పూడిక

పూడిక అంటే పైపులో చేరిన మట్టి కాదు. అది గోడ లోపల ఉంటుంది, దాని మీద ఒక పొర ఉంటుంది. సెగ్గడ్డను తలుచుకుంటే అర్థమవుతుంది. పైచర్మం మందంగా ఉండి లోపల గట్టిపడిందంటే వాపు పెద్దదైనా చాలాకాలం అలాగే ఉంటుంది. చర్మం పలచబడి లోపల చీము పండిందంటే చిన్నదైనా చితుకుతుంది.

స్టేబుల్ యాంజైనా ఉన్నవాళ్లలో ఎక్కువగా కనపడేది మందపాటి నారపొర, కింద తక్కువ కొవ్వు, చాలాచోట్ల కాల్షియం. రిపోర్టులో వెతకాల్సిన మాటలు: స్మూత్, కాన్సెంట్రిక్, కాల్సిఫైడ్, టిమి 3 ఫ్లో. అంచులు నున్నగా, ఇరుకు చుట్టూ ఒకేలా, రక్తం చివరిదాకా బాగా పారుతోందని. టిమి అన్నది 0 నుంచి 3 దాకా ఇచ్చే మార్కు, 3 అంటే మామూలు పారుదల.

కాల్షియం అనగానే "పాలు, రాగిజావ మానేయాలా?" అని అడుగుతారు. దీనికీ పళ్లెంలో ఉన్నదానికీ లెక్క కలపకండి. నాళంలో కాల్షియం పాత గాయం గట్టిపడిన గుర్తు. స్టెంట్ వేయాల్సి వస్తే మాత్రం అది మాకు పెద్ద తలనొప్పి, బెలూన్ ఉబ్బదు, స్టెంట్ పూర్తిగా విచ్చుకోదు. నాళం లోపలి నుంచి కాంతితో గోడను చూసే ఓసీటీ అనే పరీక్ష చేస్తే, ఆ కాల్షియం నాళం చుట్టూ సగానికి పైగా తిరిగి, అర మిల్లీమీటరుకు మించిన మందంతో, 5 మిల్లీమీటర్లకు మించి పొడవుంటే, ముందు దాన్ని రోటాబ్లేషన్‌తో అరగదీసో, షాక్‌వేవ్ బెలూన్‌తో చిట్లించో ఆ తర్వాతే స్టెంట్ వేయాలనుకుంటారు. బిల్లు ఎందుకు పెరిగిందని గొడవపడే ముందు ఇది అడగండి.

ఇలాంటి స్థిరమైన జబ్బులో మందులతో మొదలుపెడదామని డాక్టరు అంటే "డబ్బు లేదనుకుని చెబుతున్నాడా" అని అనుమానపడొద్దు. 2007లో వచ్చిన కరేజ్, 2020లో వచ్చిన ఇస్కీమియా అధ్యయనాలు రెండూ స్థిరమైన జబ్బులో మంచి మందులకు ముందే స్టెంటో బైపాసో జోడించినంత మాత్రాన చావులు తగ్గలేదని తేల్చాయి. నొప్పి తగ్గడానికి స్టెంట్ ఉపయోగపడుతుంది, అది వేరే లెక్క. ఇస్కీమియాలో ఎల్ఎమ్ జబ్బు ఉన్నవాళ్లను, గుండె పంపింగ్ బాగా పడిపోయినవాళ్లను, అన్‌స్టేబుల్ నొప్పివాళ్లను చేర్చుకోలేదు. కాబట్టి వాళ్లు ఆ ఫలితం పట్టుకుని స్టెంట్ వద్దనకూడదు.

ముదురుతున్న నొప్పి వెనక ఉండేది

ఇక్కడ పొర పలచబడి ఉంటుంది. కింద మెత్తటి కొవ్వు ముద్ద పెద్దది, పొర అంచుల దగ్గర వాపు కణాలు చేరి దాన్ని తినేస్తుంటాయి. 1997లో రేణు విర్మాణీ అనే పాథాలజిస్టు గారి బృందం హఠాత్తుగా చనిపోయినవాళ్ల నాళాలు పరీక్షించి, పగిలిన పొరల్లో 95 శాతం 65 మైక్రాన్లలోపు మందమే ఉన్నాయని కొలిచింది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. డాక్టర్లు ఇప్పటికీ "థిన్ క్యాప్" అనడానికి ఆ 65నే గీతగా వాడతారు.

పొర చిరిగి లోపలి కొవ్వు రక్తానికి తగలగానే అక్కడ గడ్డ కడుతుంది. గడ్డ దారిని కాసేపు సగం మూసి, మళ్లీ వదిలితే అన్‌స్టేబుల్ యాంజైనా. కొంత కండరం దెబ్బతిని రక్తంలో ట్రోపోనిన్ పెరిగితే దాన్ని చిన్న గుండెపోటుగా లెక్కిస్తారు. పూర్తిగా మూసేస్తే పెద్ద గుండెపోటు. జబ్బు ఒకటే, దశలే వేరు. కొందరిలో పొర చిరగదు, పైన పూత మాత్రం లేచిపోయి గడ్డ కడుతుంది. దాన్ని ఎరోజన్ అంటారు, అలాంటి చోట గోడలో కొవ్వు తక్కువే ఉండొచ్చు.

రిపోర్టులో దీని ఆనవాళ్లు: ఎక్సెంట్రిక్, ఇర్రెగ్యులర్, అల్సరేటెడ్, హేజీ, ఓవర్‌హ్యాంగింగ్ ఎడ్జెస్, థ్రాంబస్, టిమి 2 లేదా 1. జాన్ ఆంబ్రోజ్ అనే డాక్టరు 1985లో యాంజియో బొమ్మలను రకాలుగా విడగొట్టి, ఒక పక్కకే ఉండి మెడ సన్నగా, అంచులు చిరిగినట్టుండే ఇరుకు అన్‌స్టేబుల్ నొప్పివాళ్లలో ఎక్కువని చూపించారు. మేము ఇప్పటికీ తెర మీద అలాంటిది కనపడగానే గొంతు తగ్గించి మాట్లాడుకుంటాం. "హేజీ" అన్న చిన్న మాట పక్కన 60 శాతమే ఉన్నా దాన్ని తేలిగ్గా తీసుకోకండి. మసకగా కనపడేది గడ్డ కావచ్చు.

మనవాళ్లతో వచ్చే చిక్కేమిటంటే, స్టేబుల్ వాళ్లు స్టెంట్ కోసం తొందరపడతారు, అన్‌స్టేబుల్ వాళ్లు "అమావాస్య పోనివ్వండి, హైదరాబాదు నుంచి అల్లుడు రానివ్వండి" అంటారు. తిరగబడింది వ్యవహారం. ముదిరే నొప్పి, ఈసీజీలో మార్పు, ట్రోపోనిన్ పెరుగుదల, ఈ మూడింట్లో ఏది ఉన్నా ముహూర్తాలు చూడొద్దు.

ఓసీటీ, ఐవస్ అని రాసి ఉంటే లోపలి నుంచి గోడను చూశారని అర్థం. ఓసీటీ కాంతితో పనిచేస్తుంది, 10 నుంచి 20 మైక్రాన్ల వివరం చూపిస్తుంది. అందుకే పలచటి పొరను అదే పట్టుకోగలదు. ఐవస్ శబ్దతరంగాలతో, వివరం తక్కువ గానీ లోతుకు చూస్తుంది, మొత్తం పూడిక ఎంతో బాగా చెబుతుంది. ఓసీటీ రిపోర్టులో "టీసీఎఫ్ఏ" అని ఉంటే పలచటి పొర ఉన్న పూడిక అని. అది కనపడగానే రేపే పగులుతుందని భయపడొద్దు. 2011లో వచ్చిన ప్రాస్పెక్ట్ అధ్యయనంలో 697 మందికి నాళాలన్నీ చూసి మూడేళ్లకు పైగా గమనించారు. పలచటి పొర, నాళం వైశాల్యంలో 70 శాతం, ఆపైన పూడిక, 4 చదరపు మిల్లీమీటర్లకు మించని దారి, మూడూ కలిసిన చోట కూడా ఐదింట నాలుగుకు పైగా చోట్ల ఏ గొడవా రాలేదు. కొత్తగా గొడవ తెచ్చిన చోట్ల మాత్రం మొదటి యాంజియోలో సగటు ఇరుకు 32 శాతమే. ఆ 32 చూస్తే స్టాటిన్ గోళీ ఎందుకు మానకూడదో తెలుస్తుంది. "కొలెస్ట్రాల్ నార్మల్ వచ్చిందిగా, ఇంకా ఎందుకు?" అని అడుగుతారు. ఆ గోళీ పని రక్తంలో అంకె తగ్గించడంతో ఆగదు, నెలల తరబడి వాడితే పొరను మందం చేస్తుంది.

తెల్లవారుజాము నొప్పి

విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పని చేసే ముప్పై ఎనిమిదేళ్ల మనిషిని ఊహించుకోండి. పగలంతా ఇనుము మోసినా ఏమీ ఉండదు. తెల్లవారుజామున నాలుగింటికి గుండె పట్టేసి చెమటలు. ఆసుపత్రికి వచ్చేసరికి తగ్గిపోతుంది, ఈసీజీ మామూలు. సిగరెట్లు మాత్రం రోజుకు రెండు పెట్టెలు. ఇలాంటి నొప్పిని 1959లో ప్రింజ్‌మెటల్ అనే డాక్టరు వివరించాడు. నాళం తాత్కాలికంగా గట్టిగా ముడుచుకుపోతుంది, ఆ కాసేపు ఈసీజీలో ఎస్‌టీ గీత పెద్ద గుండెపోటులో లాగే పైకి లేస్తుంది.

యాంజియోలో పూడిక అసలు కనపడకపోవచ్చు. అయితే ఐవస్‌తో చూస్తే ముడుచుకునే చోట ఎంతోకొంత పూడిక తరచుగా ఉంటుంది, ఎక్కువగా నారలాంటిది, కాల్షియం తక్కువ. నాళంలోకి నైట్రోగ్లిజరిన్ (ఎన్‌టీజీ) ఇవ్వగానే ఇరుకు విచ్చుకుంటే విషయం తేలిపోతుంది. రిపోర్టులో "స్పాజమ్ రిలీవ్డ్ విత్ ఎన్‌టీజీ" అని ఉంటుంది. దాని ముందు "క్యాథెటర్ ఇండ్యూస్డ్" అని ఉంటే మాత్రం మా గొట్టం తగిలి ముడుచుకుందని, అది జబ్బు కాదు. రెంటినీ కలపకండి.

ఇందులో మందులు వేరు. డిల్టియాజెమ్, నిఫెడిపిన్ లాంటివి, నైట్రేట్లు వాడతారు. ప్రొప్రనలాల్ లాంటి కొన్ని బీటా బ్లాకర్లు దీన్ని ముదిరేలా చేయగలవు కాబట్టి, చేతి వణుకుకో తలనొప్పికో వేరే డాక్టరు అది రాసి ఉంటే గుండె డాక్టరుకు తప్పక చెప్పాలి. సిగరెట్ గురించి నేను వేరే చెప్పక్కర్లేదు. నొప్పి వచ్చిన ఆ నిమిషంలో తీసిన ఈసీజీ వంద పరీక్షల పెట్టు. దగ్గర్లో నర్సింగ్ హోం ఉంటే నొప్పి ఉండగానే వెళ్లి తీయించి, ఫోన్లో ఫొటో పెట్టుకోండి.

"అమ్మకు ఏమీ లేదంట, అంతా టెన్షన్ అంట"

నాకు చిరాకు తెప్పించే మాట ఇది. యాభై దాటిన ఆడమనిషి, నెలసరి ఆగిపోయింది, బీపీ ఉంది. దుర్గమ్మ కొండ మెట్లెక్కితే ఆయాసం, ఇంట్లో గొడవ జరిగిన రోజు ఛాతీలో బరువు, అది పని ఆపేసినా అరగంట వదలదు, నాలుక కింద గోళీ పెట్టినా అంతంతమాత్రం. యాంజియో తీస్తే "నార్మల్ కరోనరీస్". ఆ కాగితం చేతికి రాగానే కొడుకులు ఊరట పడతారు, ఆవిడ మొహం మాత్రం వాడిపోతుంది. నొప్పి ఉంది, నమ్మేవాళ్లు లేరు.

యాంజియోలో కనపడేవి పెద్ద నాళాలే. అర మిల్లీమీటరు కన్నా సన్నని నాళాలు లక్షల్లో ఉంటాయి, అవి తెర మీదకు రావు. అవి విచ్చుకోవాల్సినప్పుడు విచ్చుకోకపోతే నొప్పి నిజంగానే వస్తుంది. దీన్ని మైక్రోవాస్క్యులర్ యాంజైనా అంటారు. ఇలాంటివాళ్ల పెద్ద నాళాల గోడలను ఐవస్‌తో చూస్తే, చాలామందిలో దారిని అడ్డుకోని పూడిక పలచగా పరుచుకుని ఉంటుంది. అంటే "నార్మల్" అన్న మాట కూడా పూర్తి నిజం కాదు.

రిపోర్టులో "స్లో ఫ్లో" అని ఒక మూల రాసి ఉంటే అది ఒక ఆనవాలు: రంగుమందు చివరిదాకా చేరడానికి ఎక్కువసేపు పట్టిందని. సౌకర్యం ఉన్న చోట తీగతో సీఎఫ్ఆర్, ఐఎమ్ఆర్ కొలుస్తారు. శ్రమలో రక్తం ఎన్ని రెట్లు పెరుగుతుందో సీఎఫ్ఆర్ చెబుతుంది, 2 కన్నా తక్కువైతే అది లోపం. ఐఎమ్ఆర్ 25, ఆపైన ఉంటే సన్న నాళాలు మొండికేశాయని. 2018లో గ్లాస్గో వైపు చేసిన కార్మికా అనే అధ్యయనంలో ఈ కొలతలు తీసి, దాన్ని బట్టి మందు మార్చినవాళ్లకు నొప్పి తగ్గింది. అడగాల్సిన ప్రశ్న: "పెద్ద నాళాలు బాగున్నాయి సరే, సన్న నాళాల సంగతి చూడటానికి ఏమైనా ఉందా? లేకపోతే దానికని మందు వాడి చూద్దామా?" టెన్షన్ అని తీసిపారేయకండి. గ్యాస్ అని అసలే అనకండి.

కొందరి రిపోర్టులో "మయోకార్డియల్ బ్రిడ్జ్" ఉంటుంది. ఎల్ఏడీ కొంత దూరం కండరం కింద నుంచి వెళ్తుందని. పుట్టుకతో వచ్చేది, ఎక్కువ మందికి ఏ ఇబ్బందీ ఉండదు.

సీటీ యాంజియో చేయించుకున్నవాళ్లకు

ఇది గోడను కూడా చూపిస్తుంది కాబట్టి పూడిక రకం తెలుస్తుంది. క్యాడ్‌రాడ్స్ అని 0 నుంచి 5 దాకా అంకె ఉంటుంది, అది మళ్లీ ఇరుకు లెక్కే. దాని పక్కన "హెచ్‌ఆర్‌పీ" అని ఉందేమో చూడండి, ప్రమాదకరమైన పూడిక లక్షణాలు కనపడ్డాయని అర్థం. ఆ లక్షణాలు నాలుగు: 30 హెచ్‌యూ (సీటీలో సాంద్రత కొలత) కన్నా తక్కువ సాంద్రత, అంటే మెత్తటి కొవ్వు; గోడ బయటికి ఉబ్బడం, అంటే పక్కన బాగున్న చోటుకు 1.1 రెట్లు, ఆపైన (రీమోడలింగ్); 3 మిల్లీమీటర్లలోపు చుక్కల్లాంటి కాల్షియం; చుట్టూ ఉంగరంలా కనపడే గీత, దాన్ని న్యాప్‌కిన్ రింగ్ అంటారు. వీటిలో రెండు ఉంటేనే హెచ్‌ఆర్‌పీ రాస్తారు.

సీటీలో నాళాల కాల్షియాన్ని లెక్కగట్టే కాల్షియం స్కోరు 0 అంటే మంచిదే, కానీ నలభై ఏళ్లలోపు షుగరు, పొగ ఉన్నవాళ్లకు కాల్షియం పట్టని మెత్తటి పూడిక ఉండొచ్చు. ఇంకో తిరకాసు: స్టాటిన్ వాడుతుంటే కాల్షియం స్కోరు పెరగొచ్చు. మెత్తటిది గట్టిపడుతున్నందుకు అలా పెరుగుతుంది. ఏటా స్కోరు తీయించుకుని "మందు పనిచేయట్లేదు" అని మానేసేవాళ్లను చూశాను. మందు మొదలుపెట్టాక ఆ పరీక్ష మళ్లీ మళ్లీ అక్కర్లేదు.

రాత్రిపూట నొప్పి వస్తే

పైన చదివిందంతా పక్కన పెట్టండి. ఇంట్లో కూర్చుని అది ఏ పూడికో తేల్చే మార్గం లేదు. కూర్చోబెట్టి, డాక్టరు ముందే రాసిచ్చి ఉంటే సార్బిట్రేట్ నాలుక కింద పెట్టండి. నిలబడి పెట్టుకుంటే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. గత 24 గంటల్లో సిల్డెనఫిల్, 48 గంటల్లో టాడలఫిల్ లాంటి గోళీ వేసుకుని ఉంటే అది పెట్టకూడదు. మగవాళ్లు ఈ సంగతి సిగ్గుపడి దాస్తారు, భార్య ముందు అడగకుండా పక్కకు తీసుకెళ్లి అడగండి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. సోడా తాగించి చూడటం, బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లడం వద్దు.

చిలకలూరిపేట, సత్తెనపల్లి, పొన్నూరు వైపు వాళ్లయితే ఒక పని ఈరోజే చేయండి. మీకు దగ్గర్లో రాత్రిపూట కూడా క్యాథ్ ల్యాబ్ నడిచే ఆసుపత్రి ఏదో, ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు అక్కడ చెల్లుతుందో లేదో పగలే కనుక్కుని, ఆ నంబరును పాత ఈసీజీ ఫొటోతో పాటు ఇంట్లో అందరి ఫోన్లలో పెట్టండి.